రోజూ 70 వేల మంది వచ్చే ఊళ్లో నా నూనె కొనేది ఎవరు?

గానుగ_అలిపిరిరోడ్డు | అక్టోబరు 9, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ని, ఈరోజు అడగక తప్పడం లేదు. ఎనిమిది నెలల కింద ఉద్యోగం మానేసి తిరుపతిలో అలిపిరి పోయే రోడ్డులో చెక్క గానుగ పెట్టాను. ఒకటే మిషను. చెనక్కాయ నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె కళ్లముందే ఆడించి సీలు వేసి ఇస్తాం. చెనక్కాయ నూనె లీటరు 360. షాపు అద్దె 22 వేలు, అడ్వాన్సు రెండు లక్షలు. అంత అద్దెకు ఎందుకు ఒప్పుకున్నానంటే, కొండకు రోజుకు 60, 70 వేల మంది వస్తారు కదా, వెయ్యికి ఒక్కడు ఆగి ఒక లీటరు కొన్నా రోజుకు 60 లీటర్లు అని కాగితం మీద లెక్క వేసి మా ఆవిడకు చూపించాను. ఆ కాగితం ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది, అప్పుడప్పుడు తీసి నాకు చూపిస్తుంది.

తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, నాలుగు భాషల్లో బోర్డు పెట్టాను. పాంప్లెట్లు పంచాను. ఒక ఏజెన్సీ వాళ్లకు 35 వేలు కట్టాను, వాళ్లు ‘మీ టార్గెట్ ఆడియన్స్ 25 నుంచి 45 ఏళ్ల ఆరోగ్య స్పృహ ఉన్నవాళ్లు’ అని ఒక ఫైలు చేసి ఇచ్చి, ఫోన్లలో యాడ్స్ వేసి, లక్షల్లో చూశారని స్క్రీన్‌షాట్ పంపారు. ఆ యాడ్ చూసి వచ్చామని చెప్పినవాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఇద్దరు పక్క వీధిలో అద్దెకు రూము ఉందా అని అడగడానికి వచ్చారు.

నెలకు 160 లీటర్లు పోతోంది. అన్నీ పోను లీటరుకు వంద మిగులుతుంది, అంటే అద్దెకు కూడా చాలదు. సరుకు మంచిదే, తీసుకున్నవాళ్లు బాగుందనే అంటున్నారు. ఇంతకీ నేను ఎవరికి అమ్మాలి? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టినా పర్లేదు.

కొర్లగుంట_కుర్రోడు | అక్టోబరు 9, రాత్రి 10:58

అన్నా, ఆరోగ్య స్పృహ మా ఇంట్లో అందరికీ ఉంది. రాత్రి బిర్యానీ తిన్నాక వస్తుంది.

బస్టాండ్_టోపీలు | అక్టోబరు 9, రాత్రి 11:31

తమ్ముడూ, తిట్టను కానీ కొంచెం పొడుగ్గా చెప్తా. నాది శ్రీనివాసం కాంప్లెక్సు పక్క సందులో చిన్న కొట్టు, పదిహేడేళ్లయింది. నువ్వు 70 వేల మంది అంటున్నావే, నాకు ఆ 70 వేల మంది ఎప్పుడూ అగపడలేదు. నాకు అగపడేది ఇద్దరే. పైకి పోయేవాడు, కిందికి దిగినవాడు. అదే మనిషి, ఒక్క రోజు తేడా, కానీ కొనేదాంట్లో పోలికే ఉండదు. పైకి పోయేవాడికి టెన్షన్. టోకెను దొరుకుతుందా, లాకరు దొరుకుతుందా, పిల్లోడు తప్పిపోతాడా. వాడికి తాళం కావాలి, టవలు కావాలి, మెడలో వేసుకునే చిన్న సంచి కావాలి, బేరం కూడా ఆడడు, టైము లేదు. దిగినవాడికి మొక్కు తీరిపోయింది, జేబు ఖాళీ, చేతిలో లడ్డూ కవర్లు, కళ్లమీద నిద్ర. వాడు బస్సు ఎప్పుడని అడుగుతాడు తప్ప ఏమీ కొనడు. ఒక్క టోపీ తప్ప. గుండు కొట్టించుకుని చందనం పూసుకుని దిగిన చంటిపిల్లలకు టోపీ కొంటారు, అదీ ఎండ గట్టిగా ఉంటేనే, అదీ తల్లి చూస్తేనే. తండ్రి నా కొట్టు ముందు నుంచే నడిచిపోతాడు, తల చూడడు. అందుకని పిల్లల టోపీలు ఆడవాళ్ల కంటికి తగిలే ఎత్తులో, తాళాలు మగవాళ్ల చేతికందే చోట పెట్టుకున్నా. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, నాలుగేళ్లు నష్టపోతే తెలిసింది.

ఇప్పుడు పెరటాసి నెల నడుస్తోంది కదా, శనివారాలు తమిళనాడు నుంచి పసుపు గుడ్డలు కట్టుకుని గుంపులు గుంపులుగా వస్తారు. వాళ్లు వేరే. హైదరాబాదు నుంచి 300 రూపాయల టికెట్ రెండు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని వచ్చేవాళ్లు వేరే, వాళ్లకు గంట ప్రకారం ప్లాను ఉంటుంది, నీ షాపు ఆ ప్లానులో లేదు.

ఇంక నీ నూనె సంగతి. అయిదు లీటర్ల క్యాను పట్టుకుని కొండెక్కుతారా? ప్లాస్టిక్ సీసాలే పైకి తీసుకుపోనివ్వరు. దిగినాక లడ్డూ పక్కన నూనె పెట్టుకుంటారా, మూత ఊడితే ప్రసాదం గతి ఏంగాను? విమానంలో పోయేవాడు చేతిబ్యాగులో పెట్టలేడు. నువ్వు మంచి చోటే చూసుకున్నావు, కానీ ఆ చోటు నీ సరుకుకు కాదు, నా సరుకుకు.

ఎంబీఏ_ఎస్వీయూ | అక్టోబరు 10, ఉదయం 7:15

దీన్నే మార్కెట్ సెగ్మెంటేషన్ అంటారు. 1956లో వెండెల్ స్మిత్ అనే ఆయన దీని మీద రాసిన వ్యాసంతోనే ఈ మాట మార్కెటింగ్ చదువులో స్థిరపడింది. మార్కెట్ అంతా ఒకే ముద్ద అనుకోకుండా, అవసరాలను బట్టి చిన్న చిన్న మార్కెట్లుగా విడగొట్టి చూడాలి అని. ప్రాంతం, వయసు, ఆదాయం, అలవాట్లు, ఇలా రకరకాలుగా విడగొట్టొచ్చు. మీరు ముందు ఒక కస్టమర్ పర్సోనా తయారు చేసుకోవాలి సార్, పేరు, వయసు, ఉద్యోగం, హాబీలు...

కొర్లగుంట_కుర్రోడు | అక్టోబరు 10, ఉదయం 7:22

హాబీ: నూనె తాగడం.

ఎంబీఏ_ఎస్వీయూ | అక్టోబరు 10, ఉదయం 7:40

నవ్వండి పర్లేదు. ఆ టోపీల అన్న చెప్పింది అక్షరాలా అదే, ఆయన నాలుగేళ్ల నష్టంతో చదివాడు, నేను రెండేళ్ల ఫీజుతో చదివాను.

యాడ్స్_చూసేవాడు | అక్టోబరు 10, ఉదయం 9:05

ఏజెన్సీని వెనకేసుకు రావడం కాదు కానీ, తిరుపతిలో ఫోన్ యాడ్స్‌తో ఒక చిక్కుంది, బయట ఊళ్ల వాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో తిరుపతి చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని గీస్తే, ఆ గీతలో కాపురం ఉన్నవాళ్లకే కాదు, ఈమధ్య ఆ గీతలోకి వచ్చిపోయినవాళ్లకు కూడా యాడ్ పోతుంది. ఇంతకుముందు విడిగా ఎంచుకునే వీలుండేది, ఇప్పుడు రెండూ కలిపేశారు. వేరే ఊళ్లో అయితే ఇది పెద్ద నష్టం కాదు. మన ఊళ్లో రూములోనో బస్టాండులోనో కూర్చున్న యాత్రికుడు చేసే పనే ఫోన్ చూడడం. మీ డబ్బుతో కొండకు వచ్చిపోయే షోలాపూర్ వాళ్లకూ సేలం వాళ్లకూ నూనె సీసా చూపించారు. వాళ్లు చూశారు కూడా, స్క్రీన్‌షాట్ అబద్ధం కాదు.

ఇకపై వేస్తే తెలుగులోనే రాయండి, షాపుకు రెండు మూడు కిలోమీటర్లకు మించకుండా గీయండి, అంతకంటే మంచిది అసలు వేయకండి, ముందు మీ పాత కస్టమర్లు ఎవరో తేలనివ్వండి. ఎవరో తెలియకుండా యాడ్ వేయడమంటే చిరునామా రాయకుండా ఉత్తరం పోస్టు చేసినట్టే.

కపిలతీర్థం_వీధి | అక్టోబరు 10, ఉదయం 11:20

అన్నా ఇంకో రెండు వారాల్లో కార్తీకమాసం. కపిలతీర్థంలో దీపాలు చూశారు కదా, కాలు పెట్టే సందు ఉండదు. నువ్వుల నూనె చిన్న సీసాల్లో పోసి అక్కడ అమ్మండి, భక్తులే భక్తులు.

గానుగ_అలిపిరిరోడ్డు | అక్టోబరు 10, మధ్యాహ్నం 1:10

ఈ ఆలోచన నాకూ వచ్చింది, పోయిన శనివారం గుడి దగ్గర పూజ సామాన్ల కొట్లలో అడిగి చూశా. నా నువ్వుల నూనె లీటరు 480. అక్కడ దీపం నూనె అని రాసిన సీసా లీటరు 150 లోపే దొరుకుతోంది. ఒక పెద్దావిడ నా సీసా వాసన చూసి ‘చాలా బాగుంది నాయనా, ఇది మాత్రం ఇంట్లో ఆవకాయకు పెట్టుకుంటా’ అని పక్కన పెట్టి, దీపానికి 150దే కొన్నది. నా ముందరే.

బస్టాండ్_టోపీలు | అక్టోబరు 10, మధ్యాహ్నం 1:25

ఆమె నీకు ఉచితంగా పాఠం చెప్పింది, 35 వేలు తీసుకోలేదు. కాల్చే నూనె వేరు, తినే నూనె వేరు. ఆమె నీ కస్టమరే. భక్తురాలిగా కాదు, ఆవకాయ పెట్టే మనిషిగా.

టిఫిన్_ఎయిర్‌బైపాస్ | అక్టోబరు 10, సాయంత్రం 4:30

హోటళ్లకు వెయ్యమని ఎవరైనా చెప్పేలోపే చెప్తున్నా, వద్దు. నెలకు పదిహేను కిలోల డబ్బాలు ఎనిమిది వాడతా. డబ్బా మీద 40 రూపాయలు తగ్గితే షాపు మార్చేస్తా, నాకు సిగ్గు లేదు. నీ నూనె పోసి దోశ వేస్తే దోశ రేటు పెంచాలి, పెంచితే పక్క హోటలుకు పోతారు. ఇడ్లీ పొడిలోకి మాత్రం మంచి నువ్వుల నూనె పెడతాను, అది నెలకు రెండు లీటర్లు. కావాలంటే ఆ రెండు లీటర్లు నీ దగ్గర తీసుకుంటా, దాన్తో నీ అద్దె తీరదు.

ఉగ్గుపిండి_చిత్తూరు | అక్టోబరు 10, రాత్రి 9:48

నా కథ చెప్తాను, పనికొస్తుందేమో. మాది చిత్తూరు, కట్టమంచి దగ్గర. ఇంట్లోనే ఉగ్గుపిండి చేసి అమ్ముతాను. మొదట్లో నేనూ మీలాగే, కొనేది చంటిపిల్లల తల్లులు అనుకున్నాను, ఇంకెవరుంటారు అని. ఫోటోలు, రీల్స్, పోషక విలువల పట్టికలు, అన్నీ ఆ అమ్మాయిల కోసమే. లైకులు బ్రహ్మాండం, ఆర్డర్లు వారానికి నాలుగు.

ఒక రోజు కూర్చుని లెక్క రాస్తుంటే ఒకటి కనిపించింది. డబ్బు పంపిన పేర్లన్నీ మగవాళ్లవి. ఫోన్ చేసి మాట్లాడిన గొంతులన్నీ పెద్దవాళ్లవి. తల్లి ఎక్కడా లేదు! అప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నిదానంగా అడిగాను. మన దిక్కు మొదటి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది కదా, బిడ్డకు అయిదో నెల దాకా ఇక్కడే ఉంటుంది. ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయ్యేలోపు బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోవాలి. పోయాక బిడ్డకు ఏం పెడతారో అని బెంగ పడేది అమ్మమ్మ. ఏ పిండి అని తేల్చేది ఆమె. డబ్బు పంపేది అల్లుడు. తినేది బిడ్డ. ఆ అమ్మాయి నీళ్లు కాచి కలుపుతుంది, అంతే. నేను నాలుగు నెలలు ఆ కలిపే అమ్మాయితోనే మాట్లాడుతూ ఉండిపోయాను.

మరి ఆ అమ్మమ్మ ఎక్కడ దొరుకుతుంది? ఆమె ఇన్‌స్టాలో లేదు. చంటిపిల్లలకు నూనె రాసి కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే అవ్వలు ఉంటారు చూడండి, ప్రతి పేటలో ఒకరిద్దరు, బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ పొద్దున్నే పోతారు. మా పేటలో ముగ్గురికి పిండి ఊరికే ఇచ్చాను, మీ మనవళ్లకు పెట్టండి, బాగుంటేనే నాలుగిళ్లలో చెప్పండి అని. వాళ్లకు కమిషన్ ఇస్తానంటే ఒకామె కోప్పడింది కూడా, పసిబిడ్డల తిండి మీద డబ్బులేంది అని. రెండో నెలకు వారానికి ముప్పై పాకెట్లు దాటింది. ఇప్పుడు బెంగళూరుకు ఆర్టీసీ కార్గోలో వేస్తాను, పొద్దున వేస్తే సాయంత్రానికి అల్లుడు పోయి తెచ్చుకుంటాడు.

మీ బిల్లు పుస్తకం ఉంది కదా తమ్ముడూ. అందులో ఎవరెవరు రెండోసారి వచ్చారో చూడు. ఒకసారి కొన్నవాడు సరదాకు కొనుంటాడు, మూడోసారి వచ్చినవాడికి ఏదో అవసరం ఉంది.

లెక్కల_బాలాజీకాలనీ | అక్టోబరు 11, ఉదయం 6:10

నాకు ఒక చిన్న సందేహం, మీ మిషను రోజుకు ఎంత ఆడుతుంది?

గానుగ_అలిపిరిరోడ్డు | అక్టోబరు 11, ఉదయం 6:55

వాయికి 15 కిలోల గింజలు సార్. శుభ్రం చేసుకోవడం, నూనె పోగా మిగిలిన పిప్పి, అదే చెక్క, తీయడం అన్నీ కలిపి వాయికి దాదాపు రెండు గంటలు. రోజుకు అయిదు వాయిలు.

లెక్కల_బాలాజీకాలనీ | అక్టోబరు 11, ఉదయం 7:30

అంటే 75 కిలోలు. లీటరు నూనెకు రెండున్నర కిలోల గింజలు పడతాయి కాబట్టి రోజుకు 30 లీటర్లు, నెలకు 26 పని దినాలు వేసుకుంటే 780 లీటర్లు. మీ కాగితం నిజమై రోజుకు 60 లీటర్లు అడిగేవాళ్లు వచ్చి ఉంటే సగం మందిని వెనక్కి పంపేవారు. ఆ కాగితంలో తప్పు జనం దగ్గర లేదు, మిషను దగ్గర ఉంది.

ఇప్పుడు అటు నుంచి చూడండి. ఒక ఇంటికి నెలకు మూడు లీటర్లు అనుకుంటే 780 లీటర్లకు 260 ఇళ్లు. అంతకంటే ఒక్క ఇల్లు కూడా మీకు అక్కర్లేదు, వచ్చినా ఇవ్వలేరు. 2011 జనాభా లెక్కల్లోనే తిరుపతి కార్పొరేషన్‌లో మూడు లక్షలకు దగ్గరగా జనం ఉన్నారు, ఇంటికి నలుగురు చొప్పున 70 వేల ఇళ్లు. అందులో 260 ఇళ్లు. మీరు 70 వేల మంది యాత్రికుల కోసం నాలుగు భాషల్లో బోర్డు రాయించారు, మీకు కావలసిన 260 మందిని పేరు పెట్టి పిలవొచ్చు. ఫంక్షన్ హాలులో రెండు బంతుల జనం.

కొర్లగుంట_కుర్రోడు | అక్టోబరు 11, ఉదయం 7:41

మాస్టారూ మీరు ఇన్నాళ్లూ ఎక్కడున్నారు.

యాడ్స్_చూసేవాడు | అక్టోబరు 11, ఉదయం 8:20

బిల్లు పుస్తకం చూసి పాత కస్టమర్లకు ఫోన్ చేసి అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ‘మా నూనె నచ్చిందా, మళ్లీ కొంటారా’ అని మాత్రం అడగొద్దు. మనవాళ్లు మొహమాటస్తులు, అందరూ బాగుంది బాబూ, తప్పకుండా వస్తాం అంటారు, ఎవరూ రారు. జరిగిపోయినదాని గురించి అడగండి. పోయినసారి నూనె అయిపోయినప్పుడు ఏం చేశారు, ఎవరు పోయి తెచ్చారు, ఎన్ని లీటర్లు, మా దగ్గరికి రాకముందు ఏ నూనె వాడేవారు. జరిగినదానికి అబద్ధం చెప్పాల్సిన పని ఉండదు.

ఇంకోటి, అలిగి మానేసినవాళ్లను కూడా అడగండి. అది ఇంకా విలువైన సమాచారం.

గానుగ_అలిపిరిరోడ్డు | అక్టోబరు 19, రాత్రి 11:15

వారం రోజులు మధ్యాహ్నం పూట షట్టరు సగం దించుకుని ఇదే పని. బిల్లుల మీద ఫోన్ నంబర్లు రాసుకునే అలవాటు ఉండటం మంచిదైంది. మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్లు 58 మంది తేలారు. ఎనిమిది నెలల్లో అమ్మిన నూనెలో సగానికి పైన ఈ 58 మందే కొన్నారు! ఇది నాకు తెలీదు. రోజూ కౌంటర్లో కూర్చునే నాకే తెలీదు.

31 మంది ఫోన్ ఎత్తి మాట్లాడారు. డాక్టరు చెప్పాడని వచ్చినవాళ్లు ఆరుగురు, యూట్యూబ్ చూసి వచ్చినవాళ్లు నలుగురు, షాపు పక్కనే ఇల్లు కాబట్టి వస్తున్నవాళ్లు ఇద్దరు. మిగతా 19 మందిదీ ఒకటే కథ, వాక్యాలు కూడా దాదాపు ఒకటే. పాకాల, పులిచెర్ల, పీలేరు, చంద్రగిరి, ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడ్డవాళ్లు. చిన్నప్పుడు ఇంట్లో చెనక్కాయలు వలిచి గానుగకు తీసుకుపోయేవాళ్లు. ఒకాయన, రిటైరయిన మాస్టారు, ఫోన్లోనే అరగంట చెప్పాడు. గానుగ దగ్గర ఎద్దు వెనక తిరగడం, వేడి వేడి చెక్క ముక్క బెల్లంతో తినడం, వాళ్ల నాయన నూనె బిందె మూతికి గుడ్డ కట్టడం. చివర్లో ‘నీ షాపు ముందు స్కూటరు ఆపింది వాసనకి అబ్బయ్యా, నీ బోర్డు నేను చదవనే లేదు’ అన్నాడు.

మానేసినవాళ్లలో తొమ్మిది మంది దొరికారు. వాళ్ల ఫిర్యాదులు రాస్తున్నా. ఒకటి, వడలు వేయిస్తుంటే నూనె పొంగుతోంది. రెండు, సీసా అడుగున మడ్డి ఉంది, కల్తీ చేశారు. మూడు, కూరంతా చెనక్కాయ వాసన. ఇవన్నీ గానుగ నూనెకు ఉండే గుణాలే, రిఫైన్డ్ చేయనిది కాబట్టి కొంచెం పొంగుతుంది, ఎన్ని రోజులు తేర్చినా కాస్త మడ్డి దిగుతుంది. ఆ 19 మందిలో ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు. పైగా ఒకావిడ, పోయిన నెల నూనె మరీ తేటగా ఉందే, ఏమన్నా కలిపినావా అని నన్నే అనుమానించింది. ఒకరికి కల్తీ అనిపించింది ఇంకొకరికి నమ్మకం. ఎనిమిది నెలలుగా నేను ఆ తొమ్మిది మందికి సమాధానం చెప్పుకుంటూ, తేర్చే డ్రమ్ములు ఇంకో రెండు కొన్నాను.

పాకాల_రైతు | అక్టోబరు 20, ఉదయం 5:35

నేను సేద్యం మనిషిని, వ్యాపారం తెలీదు. నువ్వు చెప్పిన ఆ 19 మందికీ ఊళ్లో భూమి ఉందా అని అడిగినావా? చాలామందికి ఉంటుంది. గుత్తకు ఇచ్చుంటారు, కోతలయ్యాక అన్నో తమ్ముడో ఒక బస్తా చెనక్కాయలు పంపిస్తాడు. అవి తిరుపతిలో ఏం చేస్తారు? కొన్ని ఉడకేసుకుంటారు, కొన్ని వేయించుకుంటారు, మిగిలింది పురుగు పడుతుంది. నువ్వు కూలికి ఆడించి ఇస్తావా? నాకు తెలిసి తిరుపతిలో ఇస్తామని బోర్డు పెట్టినవాళ్లు తక్కువ. 40 కిలోల బస్తా కాయలు వలిస్తే 27, 28 కిలోల గింజలు వస్తాయి, నీ లెక్క ప్రకారం పదకొండు లీటర్ల నూనె. ఒక ఇంటికి మూడు నాలుగు నెలలు.

కాకపోతే ఇప్పుడు కాదు. మా దిక్కు కాయ పెరికేది ఇప్పుడే, ఎండాలి, వలవాలి, నవంబరు ఆఖరు నుంచి సంక్రాంతి దాకా వస్తారు. పచ్చి గింజ ఆడిస్తే నూనె రాదు, వచ్చినా నిలవుండదు, తొందరపడి ఒప్పుకోవద్దు.

లెక్కల_బాలాజీకాలనీ | అక్టోబరు 20, ఉదయం 7:05

పాకాల అన్నకు దండం. కూలి కిలోకు 15 తీసుకుంటే 10 కిలోలకు 150. అదే 10 కిలోలకు ఆరు కిలోల దాకా చెక్క వస్తుంది, మీరు చెక్క కిలో ఎంతకు అమ్ముతున్నారు?

గానుగ_అలిపిరిరోడ్డు | అక్టోబరు 20, ఉదయం 7:20

పాలవాళ్లు 45కు తీసుకుంటున్నారు సార్.

లెక్కల_బాలాజీకాలనీ | అక్టోబరు 20, ఉదయం 7:26

అంటే 270. ‘చెక్క వదిలేస్తే కూలి లేదు’ అని బోర్డు రాయండి. ఊళ్లో ఆవులు లేని ఇంటికి చెక్క ఎందుకు? వాళ్లకు ఉచితంగా ఆడించినట్టు, మీకు 120 ఎక్కువ. పైగా గింజలు కొనే పెట్టుబడి లేదు, సరుకు మిగిలిపోయే భయం లేదు.

ఎంబీఏ_ఎస్వీయూ | అక్టోబరు 20, ఉదయం 9:00

చెక్క కొనే పాలవాళ్లు కూడా మీ టార్గెట్ ఆడియన్సే సార్. ఒకే మిషనుకు రెండు వైపులా కస్టమర్లు. ఇది మాత్రం నవ్వకండి.

కొర్లగుంట_కుర్రోడు | అక్టోబరు 20, ఉదయం 9:02

నవ్వలేదు. ఆవు పర్సోనా కూడా రాయి: పేరు లక్ష్మి, హాబీ నెమరు వేయడం.

ఉగ్గుపిండి_చిత్తూరు | అక్టోబరు 20, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ ఒకటి గుర్తుపెట్టుకో. స్కూటరు ఆపింది మాస్టారే కానీ, ఆ ఇంట్లో ఎంత నూనె పోయాలో తేల్చేది ఆయన కాదు. 19 మందిలో ఫోన్లో మాట్లాడింది ఎక్కువ మగవాళ్లేనా? కోడలికి పొంగే నూనె చిరాకైతే మాస్టారు చిన్నప్పటి ఎద్దు కథ ఎంత చెప్పినా సీసా వంటింటి మూలకే పోతుంది. అమ్మేటప్పుడు ఒక మాట చెప్పు, మూకుడు సగానికి పైన పోయొద్దు, మంట తగ్గించి వేయించండి, పొంగితే భయపడొద్దు అని. సీసా మీద అంటించు ఇంకా మంచిది.

గానుగ_అలిపిరిరోడ్డు | జనవరి 21, రాత్రి 10:05

అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఏం జరిగిందో చెప్తున్నా. నాలుగు భాషల బోర్డు పీకేశాను. ఇప్పుడు తెలుగులో ఒకటే: ‘మీ చెనక్కాయలు తెండి, మీ కళ్లముందే ఆడించి ఇస్తాం. చెక్క వదిలేస్తే కూలి లేదు.’ ఆ 58 మందికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. పాంప్లెట్ ఒక్కటి వేయలేదు.

డిసెంబరులో మొదటి రెండు వారాలు ఎవరూ రాలేదు, మా ఆవిడ మళ్లీ కాగితం తీసింది. తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు షట్టరు తీస్తుంటే ముగ్గురు మెట్ల మీద కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరి పక్కన ఒక్కో గోతాం. ముగ్గురికీ ఒకరికొకరు తెలీదు, నేను టీ తెచ్చేలోపు మీదే ఊరు, ఎవరి తాలూకు అని చుట్టరికం దాకా పోయారు. తన గింజలు పక్కవాళ్ల గింజల్లో కలిసిపోతాయేమో అని ప్రతి ఒక్కరికీ అనుమానమే, కాబట్టి ఒక్కో వాయి అయ్యే దాకా కదలరు. అందుకని నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాను. తేర్చే డ్రమ్ముల కంటే ఈ కుర్చీలే బాగా పనికొచ్చాయి. కూర్చున్నవాళ్లు ఖాళీగా ఉండలేక నువ్వుల నూనె అర లీటరో, కొబ్బరి నూనె పావు లీటరో తీసుకుపోతున్నారు.

సంక్రాంతి ముందు వారం రోజుకు అయిదు వాయిలూ నిండాయి, ఇద్దరిని మరుసటి రోజుకు రమ్మన్నాను. సీసాల అమ్మకం నెలకు 160 నుంచి 240 లీటర్లు అయింది. అద్దె తీరుతోంది, ఇంకా గొప్పగా ఏమీ లేదు. తేలలేదు కానీ మునగలేదు. సీజను అయిపోయాక మార్చి నుంచి ఎలా ఉంటుందో చూడాలి. ఎమ్మార్ పల్లి వైపు 11 వేలకు ఒక షాపు చూశాను, మా 58 మందిలో ఎక్కువ మంది అటువైపే ఉన్నారు. ఓనరు అడ్వాన్సు వెనక్కి ఇవ్వడానికి మే దాకా ఆగమన్నాడు.

మడ్డి గురించి ఇప్పుడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వట్లేదు. కొనేముందే చెప్పేస్తున్నా, ఇది పొంగుతుంది, వాసన వస్తుంది, అడుగున మడ్డి ఉంటుంది, అలవాటు లేకపోతే పావు లీటరుతో మొదలుపెట్టండి అని. కొందరు వెళ్లిపోతున్నారు. పోనీ.

బస్టాండ్_టోపీలు | జనవరి 21, రాత్రి 10:30

ఆ అలిపిరి రోడ్డు షాపు ఖాళీ చేసేటప్పుడు నాకు ముందు చెప్పు తమ్ముడూ. పిల్లల టోపీలకు బాగుంటుంది.

పీలేరు_కోడలు | జనవరి 22, ఉదయం 8:12

ఈ చర్చ మా వారు పంపించారు. మాకు ఊరి నుంచి రెండు బస్తాలు వచ్చాయి, వలిచి ఎండబెట్టాను. ఈ ఆదివారం ఉంటారా? మా అత్తకు చెక్క కావాలంట, పులుసులోకి కొంచెం, మిగతాది గేదెకు. చెక్క మేమే తీసుకుపోతే కిలోకు 15 ఏనా, రెండు బస్తాలకు ఏమన్నా తగ్గిస్తారా?